ఎవరి చెవికి

నా ఫోను వీధిలో బాగానే పలుకుతుంది,
గుమ్మం దాటితే నోరు పడిపోతుంది.
మోగుతుంది. ఎత్తుతాను.
"హలో" అంటాను, మళ్లీ "హలో" అంటాను.
అవతల ఊపిరి చప్పుడైనా లేదు.
మూడు వారాలుగా ఇదే వరస.

వీగో ఊళ్లో, చేపల బజారుకి దిగే మెట్ల పక్కన
లాటరీ టికెట్ల గూడు నాది.
నోట్లు వేలితో కొలుస్తాను.
వాన ఏ గొడుగు మీద కురుస్తోందో చెప్పగలను,
గుడ్డదా, ప్లాస్టిక్‌దా, ఊచ విరిగినదా.
ఈ నున్నటి గాజుపలక ముందు మాత్రం
కొత్త కోడల్లా నిలబడతాను.

అందరూ వైద్యులే.
ఆపి మళ్లీ వెయ్యమంది రొట్టెల కొట్టు ఎర్మిటాస్.
సిమ్ము తీసి ఊదమన్నాడు ఐసు మోసే కుర్రాడు.
తప్పంతా మీ ఇంటి రాతి గోడలదే,
రెండు మూరల మందం, అన్నాడు మేడ మీదాయన.
కంపెనీకి వెళ్తే
అక్కడ ఫోను చక్కగా మాట్లాడింది,
వైద్యుడి గుమ్మంలో జ్వరం తగ్గిన పిల్లలా.
అబ్బాయి దాన్ని నా చేతిలోంచి లాక్కుని
"ఈ ఆకుపచ్చ గుర్తు చూడండి మేడమ్" అన్నాడు.
చూశాను నాయనా,
నువ్వు నన్ను చూసినంత బాగా చూశాను.

ఆఖరికి బ్రాయిస్ వచ్చాడు,
తడిసిన కోటుతో, కర్రతో మెట్లు లెక్కపెట్టుకుంటూ.
అతనికీ కనపడదు.
ఫోను నా చేతిలోంచి తీసుకోలేదు.
"వేలు నీది, చెవి నాది. కానీ" అన్నాడు.

గాజు మీది పైపొర ఒలిపించాడు.
చెంపకి ఆనించి, దూరం జరిపి,
మళ్లీ ఆనించి చూడమన్నాడు.
కాల్ ఎత్తడానికి రెండు వేళ్లు, రెండు దెబ్బలు:
"తలుపు తట్టినట్టు కాదు దోసిందా,
పిండి పొంగిందో లేదో చూసినట్టు."
తెర చదివే గొంతు గబగబా పేర్లు అప్పజెబుతోంది,
రైలు తప్పిపోతున్నదానిలా.

అప్పుడు తన ఫోన్లోంచి నాకు చేశాడు.
ఎత్తాను. బల్లకవతల నుంచి
"వినపడుతోందా?" అన్నాడు.
ఇద్దరం ఆగిపోయాం.
నడవా చివర, మూసిన తలుపు వెనక
పెంకుల మధ్య మోగుతూ
సన్నగా అతని గొంతే: "వినపడుతోందా?"

స్నానాల గది!
కుళాయికి వేలాడుతున్న ఆ గుండ్రటి స్పీకరు,
మా అక్క కూతురు ఇరియా ఇచ్చిన పుట్టినరోజు కానుక.
"పాటలు వద్దని ఆపేశాను కదా" అన్నాను.
"పాటల దారి మూశావు,
మాటల దారి మూయలేదు" అన్నాడు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను.
మూడు వారాలు
మందుల కొట్టువాళ్లు, కరెంటువాళ్లు, మా సబేలా అక్క
నా సబ్బుపెట్టెతో మాట్లాడారు.

శబ్దం ఎటు వెళ్లాలో ఎంచుకునే చోటు
నా వేలికి నేర్పాడు.
ఫోను. స్పీకరు. ఇంకొకటి.
ఆ ఇంకొకటిని మరిచిపొమ్మని ఫోనుకి చెప్పాను.
మరిచిపోవడం దానికెంత తేలికో.

రాత్రి తొమ్మిదింటికి
కాంగాస్‌లో పడవ దిగి అక్క చేసింది.
పెళ్లి విందులో మాటా మాటా అనుకున్న దగ్గర్నుంచి
నేను తనకి చెయ్యలేదు.
రెండు వేళ్లు, రెండు దెబ్బలు.
"ఇవాళైనా ఏడుపు ఆపావా?" అంది.
ఏడుపేమిటి?
"ఎన్ని రాత్రులు చేశానే! ఎత్తుతావు, పలకవు,
టప్... టప్... అని ఒకటే చుక్కలు.
కదిలిస్తే ఇంకా ఏడుస్తావని పెట్టేసేదాన్ని."

కుళాయి అక్కా, అందామనుకున్నాను.
చెంపకి ఫోను వెచ్చగా ఉంది.
అక్క ముక్కు చీదుతోంది.
"ఆపాను" అన్నాను.
ప్లంబరు సోమవారం వస్తాడు.